గోడ మీద కదిలే సముద్రాన్ని నమ్మనివారు పక్క గదిలోని ఫొటోను ఎందుకు నమ్మారు?

చీకటిగది (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. విశాఖలో లాసన్స్ బే వైపు, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాత భవనంలో మిత్రుడి రెండు గదుల ఇల్లు కొన్నాళ్లుగా ఖాళీగా ఉంది. అతని అనుమతితో అక్కడ ఒక చిన్న ఇన్‌స్టలేషన్, అంటే చూసేవారు లోపలికి వచ్చి తిరిగేలా గదినే కళాకృతిగా మలిచే ప్రదర్శన, ఏర్పాటు చేశాను. మొదటి గది కిటికీలన్నిటినీ నల్ల గుడ్డతోను అట్టతోను మూసివేసి, తూర్పు కిటికీకి కట్టిన అట్టకు 1 సెంటీమీటరు రంధ్రం చేశాను. రంధ్రానికి 2.5 మీటర్ల దూరంలో ఉన్న తెల్లగోడ మీద బయటి సముద్రం తలకిందులుగా పడుతుంది. ఆకాశం నేల వైపు, ఇసుక పైకప్పు వైపు ఉంటాయి. అలలు కదులుతాయి, తీరం వెంట నడిచే మనుషులు చిన్న మచ్చల్లా సాగిపోతారు. మధ్యలో విద్యుత్తు లేదు, యంత్రం లేదు. కిటికీ బయట ఆ క్షణంలో ఉన్న వెలుగు మాత్రమే లోపలికి వచ్చి గోడను తాకుతోంది.

రెండో గదిలో ఒకే ఒక ఫొటో పెట్టాను. అది ఆ గోడ మీది బింబానికే 12 నిమిషాల ఎక్స్‌పోజర్ ఇచ్చి తీసి, నిటారుగా తిప్పి, పెద్దదిగా ముద్రించి, చట్రం కట్టించినది. అంతసేపు షట్టర్ తెరిచి ఉంచడం వల్ల అలలన్నీ కలిసిపోయి నీరు అద్దపు పలకలా వచ్చింది. నడిచే మనుషులు, పడవలు పూర్తిగా మాయమయ్యారు.

గత ఆదివారం సుమారు 40 మంది వచ్చారు. మొదటి గదిలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: ప్రొజెక్టర్ ఎక్కడ దాచారు? లేదని చెప్పినా కొందరు నమ్మలేదు. రెండో గదిలోకి వెళ్లగానే అదే మనుషులు ఊపిరి పీల్చుకుని, ఇదీ మన సముద్రం అన్నారు. ఎదురుగా జీవించి ఉన్న సముద్రం అబద్ధంగాను, మనుషులూ అలలూ చెరిగిపోయిన కాగితం నిజంగాను కనిపించడం నన్ను కలవరపెట్టింది. నేను చూపించిన తీరులో లోపముందా, లేక ఫొటో అనే వస్తువుకే మన మీద అటువంటి అధికారం ఉందా? అనుభవజ్ఞుల మాట కోసం రాస్తున్నాను.

కటకం మాస్టారు

చాలాకాలం పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాను కనుక ముందు లోపాల సంగతి చెబుతాను. బయటి ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చిన కంటికి కనీసం 10 నిమిషాలైనా గడిస్తే తప్ప మసక బింబం సరిగా అందదు. మీ సందర్శకులు రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయి ఉంటారు. వాళ్లు సముద్రాన్ని నమ్మకపోవడం కాదు, అసలు చూడనే లేదు.

రెండవది, కళ్లద్దాల దుకాణానికి వెళ్లి 0.5 శక్తి గల కుంభాకార కటకం అడగండి. దాని నాభ్యంతరం 2 మీటర్లు. 5 సెంటీమీటర్ల వ్యాసం వరకు కటకాన్ని తెరిచి ఉంచి, సరిగ్గా 2 మీటర్ల దూరంలో తెల్లని తెర కట్టండి. వ్యాసం ఐదు రెట్లయితే లోపలికి వచ్చే వెలుగు 25 రెట్లవుతుంది, అంచులు కూడా స్పష్టమవుతాయి. మన సముద్రం తూర్పున ఉంది కనుక ఉదయం సూర్యుడు కటకానికి ఎదురుగా ఉంటాడు. మధ్యాహ్నం 2 గంటల తరువాత ఎండ పడమటి నుంచి వచ్చి పడవల మీద, నురగ మీద పడుతుంది, అప్పుడు రమ్మనండి.

హంపీ విరూపాక్షాలయం చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. అక్కడ ఒక చీకటి మండపంలో, చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు వల్ల రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. నేను పిల్లలను తీసుకువెళ్లినప్పుడు వాళ్లెవరూ ప్రొజెక్టర్ గురించి అడగలేదు. గోపురం పక్కగా నడిచి వచ్చి నీడను చూశారు, మళ్లీ బయటకు పరుగెత్తి గోపురాన్ని చూశారు. రెండింటినీ తమ కాళ్లతో కలుపుకున్నారు. మీ గదిలో ఆ దారి మూసుకుపోయింది.

ఒక్క మాట చెప్పక తప్పదు. ఫొటోను నిటారుగా తిప్పిపెట్టానని మీరే రాశారు. గోడ మీద తలకిందులుగా ఉన్నదాన్ని కాగితం మీద సరిచేసినప్పుడే మీరు సందర్శకుడికి నచ్చే అబద్ధాన్ని మొదలుపెట్టారు.

మొగలిపూలు

మాస్టారు చివర చెప్పిన మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. నేను లలితకళల విద్యార్థులకు పాఠాలు చెబుతాను. ఫొటో చరిత్రను సాధారణంగా రసాయనాల చరిత్రగా చెబుతారు కానీ, దాని పుట్టుకలోనే ఒక ఇన్‌స్టలేషన్ ఉందన్న సంగతిని పక్కన పెడతారు. ఫ్రెంచి కళాకారుడు దగేర్ వెండి పలకల మీద ఫొటో తీసే తన ప్రక్రియను లోకానికి ప్రకటించింది 1839లో. అంతకు ముందు, 1822 నుంచి, ఆయన పారిస్‌లో డయోరమా అనే ప్రదర్శనశాలను నడిపారు. పలచని బట్టకు రెండు వైపులా బొమ్మలు వేసి, కిటికీల వెలుగును ముందునుంచీ వెనుకనుంచీ మార్చుతూ, చూస్తుండగానే పగలును రాత్రి చేసేవారు. ప్రేక్షకులు కూర్చున్న వేదికే మెల్లగా తిరిగి వాళ్లను మరో దృశ్యం ముందుకు చేర్చేది. జనాన్ని కూర్చోబెట్టి, ఒక దిక్కుకే చూడమని, నిజమని నమ్మించే విద్యలో ఆరితేరిన మనిషి చేతిలోంచి ఫొటో వచ్చిందన్నమాట.

ఆయన 1838లో తీసిన పారిస్ వీధి చిత్రం మీ 12 నిమిషాల ఫొటోకు తాతవంటిది. రద్దీ వీధి అది. ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి సాగడంతో బండ్లు, గుర్రాలు, నడిచేవాళ్లు అందరూ చెరిగిపోయారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన ఒక మనిషి మాత్రం మిగిలాడు. మనిషి కనిపించే తొలి ఫొటోల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. కదిలినవారికి ఆ చిత్రంలో ఉనికి లేదు, నిలబడినవాడే నిజం.

జపాన్ ఛాయాగ్రాహకుడు హిరోషి సుగిమోటో అనుభవం కూడా మీకు పనికివస్తుంది. ఆయన 1970ల్లో న్యూయార్కు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో, గడ్డి కూరిన జంతువులను రంగుల తెరల ముందు నిలబెట్టిన గాజు అరలను చూశారు. రెండు కళ్లతో చూస్తే అవి బొమ్మలే. ఒక కన్ను మూసుకున్న క్షణంలో లోతు పోయి, అవి ప్రాణమున్నవాటిలా కనిపించాయి. కెమెరాకు ఎప్పుడూ ఒకే కన్ను కదా అని ఆయనకు తోచింది. 1976లో ధ్రువపు ఎలుగుబంటిని నలుపు తెలుపుల్లో తీశారు. ఆ ఫొటో చూసినవారు మంచు మీద తీసినదే అనుకుంటారు. మన అరకు గిరిజన మ్యూజియంలోని నిలువెత్తు బొమ్మలను ఒక కన్ను మూసి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

నాకు తోచినంతలో ఫొటో అబద్ధం చూపదు. మనల్ని ఒకే చోట, ఒకే కన్నుతో, ఒకే క్షణంలో కట్టిపడేస్తుంది. కట్టు కనిపించదు కనుక దృశ్యాన్ని మొత్తంగా చూశామనుకుంటాము. ఇన్‌స్టలేషన్ చేయగల పని ఆ కట్టు విప్పడం.

పాత పరదా

మా నాన్నగారిది వన్‌టౌన్‌లో ఫొటో స్టూడియో. మా దగ్గర మూడు పరదాలుండేవి: మేడమెట్లు, పూలతోట, వెన్నెల రాత్రి సముద్రం. అసలు సముద్రం నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నా, పెళ్లయిన కొత్త జంటలు ఆ గుడ్డ సముద్రం ముందే ఫొటో కావాలనేవారు. అందులో చంద్రుడు ఎప్పుడూ నిండుగా ఉండేవాడు. అమ్మాయి పట్టుచీర తడిసేది కాదు. ఎవరూ మోసపోలేదండీ. పరదా పరదా అని అందరికీ తెలుసు. రాముడికి అద్దంలో చందమామను చూపించిన కథ మనదే కదా. ఆ పిల్లవాడి చేతికి చంద్రుడు రాలేదు కానీ, ఏడుపు మాత్రం నిజంగానే ఆగింది. మొగలిపూలు గారు ఫొటోను కట్టుతాడు అన్నారు. మా స్టూడియోకు వచ్చినవారు ఆ తాడును తామే అడిగి కట్టించుకున్నారు.

నాన్నగారి పాత నెగెటివ్‌లు నా దగ్గర ఉన్నాయి. వాటిలో చాలావాటికి అంచులు పూర్తిగా కనిపిస్తాయి: పరదా చివర ముడతలు, లైటు స్టాండు కాలు, ఒకదానిలో పసిబిడ్డ పడిపోకుండా పక్కనుంచి పట్టుకున్న నాన్నగారి చెయ్యి. ప్రింటు వేసేటప్పుడు అవన్నీ కోసేసేవారు. ఇంటికి వెళ్లిన ఫొటోలో బిడ్డ రాజుగారిలా ఒంటరిగా కూర్చుని ఉంటాడు. నాకు ఇప్పుడు ఆ చెయ్యి ఉన్న నెగెటివే ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

మొగలిపూలు

పాత పరదా గారూ, ఆ నెగెటివ్‌ను తేమ తగలకుండా భద్రపరచండి, మన ఊరి ఉప్పుగాలికి ఫిల్ము నిలవదు. మీరు చెప్పినదానికి దగ్గరగా పుష్పమాల ఎన్. చేసిన పని ఉంది. బెంగళూరుకు చెందిన ఈ కళాకారిణి 2000 నుంచి 2004 వరకు క్లేర్ ఆర్నీ అనే ఛాయాగ్రాహకురాలితో కలిసి దక్షిణాది స్త్రీల చిత్రాలను తిరిగి సృష్టించారు. పరదాలు రాయించి, నగలు, చీరలు సమకూర్చి, తానే రవివర్మ లక్ష్మిగా నిలబడ్డారు. అదే వరుసలో, వలస పాలన నాటి మానవశాస్త్ర పరిశీలనల కోసం గళ్ల పరదా ముందు మనుషులను నిలబెట్టి కొలతలు తీసుకున్న తరహా చిత్రాన్ని కూడా పునఃసృష్టించారు. లక్ష్మి వెనుక తామరకొలను పరదా అని మనం వెంటనే గుర్తిస్తాము. ఆ గళ్ల గుడ్డ కూడా పరదాయేనని, శాస్త్రం పేరుతో మనిషిని ఒక పాత్రలో నిలబెట్టారని గుర్తించడానికి మాత్రం ఆ రెండింటినీ పక్కపక్కన చూడవలసి వచ్చింది. అడిగి కట్టించుకున్న తాడుకూ, అడగకుండా కట్టిన తాడుకూ మధ్య తేడాను మీ స్టూడియో ఉదాహరణ నాకు స్పష్టం చేసింది.

వార్తా ఛాయ

ఇంతవరకు చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నేను పత్రికలకు ఫొటోలు తీసి రిటైరైనవాడిని. ఫొటో భ్రమ, ఫొటో పరదా అంటూ పోతే చివరికి లాభపడేది ఎవరు? తప్పు చేసి ఫొటోలో దొరికినవాడు. ఇప్పుడు కంప్యూటరు తయారుచేసిన బొమ్మకు ఫొటో పోటీలో బహుమతి వచ్చే రోజులు. 2023లో బోరిస్ ఎల్దాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు తనకు వచ్చిన బహుమతిని, అది ఫొటో కాదు అని తానే చెప్పి తిరస్కరించారు. ఇటువంటి కాలంలో ఫొటోను నమ్మవద్దని జనానికి మరీ గట్టిగా నేర్పడం నాకు భయంగా ఉంది.

అయినా నా లోపల ఉన్నది దాచను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మరునాడు తెల్లవారకముందే కెమెరాతో బయలుదేరాను. ఒక రోడ్డు మీద పెద్ద చెట్టు వేళ్లతో సహా కూలి, దాని కింద ఒక కారు నలిగిపోయి ఉంది. ఆ ఫ్రేము తీశాను. సరిగ్గా ఎడమ పక్కన, అదే చెట్టు కొమ్మల నీడలో, ఒక ఆవిడ అప్పటికే పొయ్యి వెలిగించి టీ కాస్తోంది, పదిమంది గ్లాసులతో నిలబడి ఉన్నారు. ఆవిడను ఫ్రేములోకి రానివ్వలేదు. వస్తే విధ్వంసం పలచబడుతుందనుకున్నాను. వెడల్పుగా తీసినది కూడా ఒకటి ఉంది, ఎక్కడా అచ్చు కాలేదు. నేను అబద్ధమాడలేదు; చెట్టు కూలిన మాట నిజం, కారు నలిగిన మాట నిజం. కానీ ఆ ఉదయం ఈ ఊరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే, నాకు ముందు గుర్తొచ్చేది ఆ టీ.

1855లో క్రిమియా యుద్ధభూమిలో రోజర్ ఫెంటన్ ఒకే లోయను రెండుసార్లు తీశారు. ఒకదానిలో ఫిరంగి గుండ్లు దారి మీద పరచుకుని ఉన్నాయి, మరొకదానిలో దారి ఖాళీగా ఉంది. ఏది ముందు తీశారన్న వాదన ఎంతోకాలం సాగింది. నా దృష్టిలో ఆయన చేసిన మేలు ఒకటే, రెండు ఫొటోలూ మిగిలాయి. ఒకటే మిగిలి ఉంటే మనకు ప్రశ్నే పుట్టేది కాదు.

భీమిలి బస్సు

పెద్దలందరూ ఇన్‌స్టలేషన్ మనల్ని ఫొటో నుంచి విడిపిస్తుందన్నట్టుగా మాట్లాడుతున్నారు. నా అనుభవం దానికి విరుద్ధం. మా వయసువాళ్లు వెళ్లే అద్దాల గదులు, త్రీడీ బొమ్మల గదుల్లో నేల మీద పాదాల గుర్తులు వేసి ఉంటాయి. అక్కడ నిలబడి, ఇటునుంచి ఫొటో తీయాలి. పక్కకు జరిగితే ఆ మొసలి నోరు వట్టి రంగుల గీతలే. అంటే గదిని మనుషుల కోసం కాకుండా ఫోను కోసం కట్టారు. జార్జ్ రూస్ అనే ఫ్రెంచి కళాకారుడు పాడుబడిన భవనాల్లో గోడలు, స్తంభాలు, నేల మీద రంగు వేసి, ఒక్క చోటు నుంచి చూస్తేనే అవన్నీ కలిసి ఒక వృత్తంగానో చతురస్రంగానో కనిపించేలా చేసి ఫొటో తీస్తారు. అది చాలా గొప్ప పని. కానీ చివరికి మిగిలేది ఆ ఒక్క చోటే కదా?

బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దగ్గర కూడా ఇదే చూస్తాను. నేల మీద పడుకుని, కింది ఆధారాలు కనపడకుండా, అది నీటి మీద ఉన్నట్టు తీస్తారు. లోపలికి వెళ్లి ఆ ఇరుకులో నడిచినవారికి కలిగే ఉక్కిరిబిక్కిరి ఏ ఫొటోలోనూ లేదు.

మొగలిపూలు

మీ ఆక్షేపణ సరైనదే, కనుక ఇన్‌స్టలేషన్లన్నీ ఒకటి కాదని ఒప్పుకుంటున్నాను. నా కొలమానం ఇది: పక్కకు జరిగిన మనిషికి అక్కడ ఏమి దొరుకుతుంది? మొసలి గదిలో పక్కకు జరిగితే ఏమీ దొరకదు. జపాన్‌లోని కనజావాలో లియాండ్రో ఎర్లిచ్ అనే అర్జెంటీనా కళాకారుడు కట్టిన ఈతకొలనులో దొరుకుతుంది. పైనుంచి చూస్తే నీటి అడుగున మనుషులు బట్టలతో నడుస్తుంటారు. నిజానికి గాజు మీద పలచని నీటి పొర మాత్రమే ఉంది, కింద పొడి గది. పైన ఆశ్చర్యపోయినవాడు మెట్లు దిగి కిందికి వెళ్లి, తానే మునిగిన మనిషిగా మారి, పైనున్నవారి ఆశ్చర్యాన్ని చూస్తాడు. మయసభలో నేలను నీరనుకుని, నీటిని నేలనుకుని తడిసిన దుర్యోధనుడికి ఆ అవకాశం దొరకలేదు; భవనం ఎలా కట్టారో చూపించినవారు లేరు, చుట్టూ నవ్వు మాత్రమే ఉంది. మోసపోయినవాడికి మోసం లోపలి పనితనాన్ని చూపించే మర్యాద ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యం.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో పనిచేసినవారు జర్మనీకి చెందిన థామస్ డిమాండ్. వార్తల్లో వచ్చిన ఫొటోల్లోని గదులను కాగితంతో, అట్టతో నిలువెత్తున కట్టి, ఫొటో తీసి, కట్టినదాన్ని నాశనం చేస్తారు. మనకు మిగిలేది ఫొటో ఒక్కటే. మొదట అది మామూలు ఆఫీసు గది. కాసేపు చూశాక, బల్ల మీది కాగితాల మీద ఒక్క అక్షరమైనా లేదని, ఎక్కడా వేలిముద్ర గానీ దుమ్ము గానీ లేదని తెలుస్తుంది. మనం నడిచి వెళ్లి తేల్చుకునేందుకు ఆయన ఏమీ మిగల్చలేదు. ఆ లోటే మనల్ని ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబెడుతుంది. వార్తా ఛాయ గారి భయానికి నా సమాధానం కూడా ఇదే. ఇటువంటి పని చూసినవారు ఫొటోలను నమ్మడం మానేస్తారని నేననుకోను. ఎక్కువసేపు చూడడం నేర్చుకుంటారు.

పాత పరదా

చదువుతుంటే సింహాచలం గుర్తుకు వచ్చింది. ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయనాడు చందనం తీసి అప్పన్న నిజరూపాన్ని చూపిస్తారు. గంటలకొద్దీ క్యూలో నిలబడితే దొరికేది కొన్ని క్షణాలు. గర్భాలయంలో కెమెరా ఉండదు. అయినా మా అమ్మ తిరిగి వచ్చి, చూశానురా అన్నప్పుడు ఆ మాటలో ఉండే నిండుదనం, ఫోనులో వంద ఫొటోలు చూపించేవారి మాటలో నేను వినలేదు. చీకటిగది గారి మొదటి గదిలోకి ఫోన్లు తీసుకురానివ్వకండి.

వార్తా ఛాయ

మొగలిపూలు గారు చెప్పినది రాత్రంతా ఆలోచించాను. చీకటిగది గారికి అభ్యంతరం లేకపోతే నా హుద్‌హుద్ ఫొటోలు రెండూ ఇస్తాను. పక్కపక్కన వద్దు. ఎదురెదురు గోడలకు పెట్టండి, ఒకదాన్ని చూసేవారు రెండోదానికి వీపు తిప్పి ఉండాలి. అచ్చయిన ఫొటోను చూసి, నమ్మి, ఆ తరువాత వెనుదిరిగితేనే ఆ టీ కాచే ఆవిడ కనిపించాలి. ఫొటో తీసినరోజు నేను తిరగని దిక్కుకు వాళ్లను తిరగమనండి.

చీకటిగది

మీ అందరి మాటలూ పాటించి నిన్న ఆదివారం మళ్లీ తెరిచాను. మాస్టారు చెప్పిన కటకం తెచ్చి, దానికి 2 మీటర్ల దూరంలో తెల్ల గుడ్డను తెరగా కట్టాను. తెర చుట్టూ నడవడానికి చోటు వదిలాను. వచ్చినవారిని బెంచీల మీద 10 నిమిషాలు చీకటిలో కూర్చోబెట్టాను. కావలసినవారు కటకానికి చెయ్యి అడ్డుపెట్టి చూడవచ్చని చెప్పాను. ఒక చిన్నపాప చెయ్యి పెట్టగానే సముద్రం ఆరిపోయింది, తీయగానే వచ్చింది. తరువాత ఆ పాప అట్ట అంచు ఎత్తి బయటికి చూసి, మళ్లీ తెరను చూసింది. హంపీలో మాస్టారి పిల్లల్లాగే. ప్రొజెక్టర్ గురించి ఈసారి ఎవరూ అడగలేదు.

హుద్‌హుద్ ఫొటోల ముందు చాలామంది వెనుదిరగకుండానే వెళ్లిపోయారు. వార్తా ఛాయ గారు అక్కడే కూర్చుని ఉన్నారు, ఎవరినీ పిలవలేదు. తిరిగినవారితో మాత్రం మాట్లాడారు.

మీకు తప్పక చెప్పవలసినది సాయంత్రం జరిగింది. పెదజాలారిపేట నుంచి వేటకు వెళ్లే ఒక పెద్దాయన మనవడితో వచ్చారు. తెర ముందు కాసేపు నిలబడి, తరువాత వెనక్కి తిరిగి, నడుము వంచి, కాళ్ల మధ్యనుంచి చూశారు. సముద్రం ఆయనకు నిటారుగా కనిపించింది. పసుపు, నీలం రంగులున్న ఒక పడవను చూపించి అది ఎవరిదో చెప్పారు. మరి కాసేపటికి, లంగరు పట్టలేదు, పడవ జరుగుతోంది అని, నన్ను దాటుకుని బయటకు వెళ్లి ఎవరికో ఫోన్ చేశారు. నేను తెర వైపు చూస్తే నా కంటికి పడవ ఉన్నచోటే ఉంది. చాలాసేపు చూశాక గానీ అది జరుగుతున్నట్టు తెలియలేదు.

తిరిగి వచ్చి ఆయన రెండో గదిలోని పెద్ద ఫొటో ముందు నిలబడ్డారు. మొదటి వారం అందరూ మెచ్చిన ఫొటో అదే. ఈసారి దాన్ని తిప్పకుండా, తలకిందులుగానే వేలాడదీశాను. ఆయన మెడ వంచి ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికి, ఇది ఏ రోజుది బాబూ, వేట నిషేధమప్పటిదా, ఒక్క పడవా లేదు అని అడిగారు. ఆ రోజు పడవలు ఉన్నాయని, 12 నిమిషాల్లో కదలడం వల్ల చెరిగిపోయాయని చెప్పాను. ఎన్ని ఉన్నాయని అడిగారు. నేను లెక్కపెట్టలేదు.

కటకం మాస్టారు

వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. తెరను కటకానికి దగ్గరగా, దూరంగా జరుపుకునేలా కట్టండి. దగ్గరి పడవలకూ దూరపు ఓడలకూ స్పష్టత కొద్దిగా మారుతుంది. ఆ పెద్దాయనను కూడా రమ్మని అడగండి.